తొమ్మిదో గుంట

లాల్ అహ్మద్ చేతికి గిన్నె ఇచ్చిన ఇల్లాలు మళ్ళీ దాని గురించి ఆలోచించేది కాదు. పుంగనూరులో ఇదేమీ చిన్న విషయం కాదు. కళాయి పూసే సాయిబులంటే ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఒక కన్ను అటు వేసి ఉంచడం అలవాటు. తోమే వంకతో రాగి గీకేస్తారని, బరువైన చెంబు తీసుకుని తేలికైన చెంబు అంటగడతారని ఏవేవో చెప్పుకునేవాళ్ళు. అట్లాంటి ఆడవాళ్ళే, లాల్ అహ్మద్ వీధిలో గుంత తవ్వి బొగ్గులు రాజేశాడంటే చాలు, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తెచ్చి అతని ముందు గుమ్మరించి, తలుపులు బార్లా తీసిపెట్టి పక్కింటికి కబుర్లకు వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ నమ్మకం అతను సంపాదించింది కాదు. వాళ్ళ నాయన హిదాయతుల్లా సంపాదించి పెట్టిపోయింది. ఒకసారి అన్నం తపేలా అడుగున మాడులో ముక్కుపుడక కనబడితే, ఆ తపేలా ఎవరిదో కనుక్కుని, వాల్మీకిపురం దాకా నడిచివెళ్ళి చేతిలో పెట్టి వచ్చిన మనిషి ఆయన. గిన్నెలో దొరికింది గిన్నె గలవాళ్ళదేనన్నది ఆ ఇంటి చట్టం. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా ఊళ్ళో ఆ ముక్కుపుడక కథ మాత్రం పోలేదు. పుడకలోని ఎర్రరాయి చెప్పినప్పుడల్లా కాస్త పెద్దదవుతూ వచ్చి, 1984 నాటికి చింతగింజంత అయింది.

ఆ ఏటికి కళాయి పనే కొడిగట్టిపోతూ ఉంది. ప్రతి ఇంటికీ స్టీలు వచ్చేసింది. స్టీలు గిన్నెకు కళాయి అక్కర్లేదు, చింతపండు అక్కర్లేదు, లాల్ అహ్మద్ అసలే అక్కర్లేదు. పెళ్ళిళ్ళ వంటపాత్రలు, పాతకాలపు ముసలమ్మలు పట్టుకుని వదలని ఇత్తడి బిందెలు, వీటితో ఎట్లాగో నెట్టుకొస్తున్నాడు. నలభై మూడేళ్ళ మనిషి, ఇప్పుడు కొత్త పని నేర్చుకునే ఓపికా లేదు, ఉన్న పని మీద ప్రేమా చావలేదు.

అతని సంచిలో పది పన్నెండు పనిముట్లుండేవి. వాటిలో ప్రాణంగా చూసుకునేది ఒక చిమటా, అంటే సన్నటి పట్టకారు. జానెడు పొడవు, సన్నటి ఒళ్ళు, కొస కాస్త వంకీ, పట్టుకోవడానికి కత్తెరకున్నట్టు వేళ్ళు దూరే రెండు కళ్ళు. దూదిని ముక్కున కరిపించి నొక్కితే టక్కుమని బిగుసుకునేది. ఇంక నువ్వు వదులు చేసేదాకా అది వదలదు. చెంబు మెడలో, కూజా కడుపులో కరిగిన తగరాన్ని దూదితో తిప్పి తిప్పి రాయాలంటే దానిని మించింది లేదు. మసి పట్టి నల్లగా ఉండేది. ఇరవై ఆరేళ్ళుగా వాడుతున్నాడు. "మా అబ్బా చిమటా" అని ఎవరైనా అడిగితే గర్వంగా చెప్పేవాడు.

ఆ ఆషాఢంలో మదనపల్లె నుంచి ఘని వచ్చాడు. ఘని పాతసామాను వ్యాపారి, లాల్ అహ్మద్‌కు చిన్నమ్మ కొడుకు. పుంగనూరు ఊరిబయట ఆడవాళ్ళ ధర్మాసుపత్రి ఒకటి పద్దెనిమిదేళ్ళుగా మూతబడి ఉంది. నడిపే దాతలు చనిపోయి, డాక్టరమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోయాక, దానికి తాళం వేసి మరిచిపోయారు. ఇప్పుడు లోపలున్న సామాను వేలం వేస్తే ఘని పాడుకున్నాడు.

"లాల్ భాయ్, రాగి యాదో ఇత్తడి యాదో నువ్వైతే సూస్తానే సెప్తావు. ఒగ గంట నాతోడు రా" అన్నాడు.

సంచి భుజానికి తగిలించుకుని లాల్ అహ్మద్ వెళ్ళాడు. సంచి లేకుండా అతను మసీదుకు తప్ప ఇంకెక్కడికీ వెళ్ళేవాడు కాదు.

ఆసుపత్రి గేటు దగ్గర మునస్వామి ఉన్నాడు. ఒకప్పటి వాచ్‌మన్. జీతం ఆగిపోయి ఎన్నేళ్ళయినా రోజుకోసారి వచ్చి తాళం లాగి చూసిపోయేవాడు. ఆ రోజు తలుపు తానే తీశాడు. వార్డు పైకప్పు ఒకచోట కూలి, ఆ కన్నంలోంచి వేపచెట్టు ఒకటి దర్జాగా పైకి పోయింది. ఇనప మంచాలు వరసగా అట్లాగే ఉన్నాయి. గబ్బిలాల కంపు.

ఆపరేషను గదిలో గోడకు ఒక పెద్ద అద్దాల బీరువా. మునస్వామికి అందులో ఉన్నవన్నీ బంధువులే. ఒక్కొక్కటే తీసి పరిచయం చేశాడు. గాజు సూదిమందు గొట్టాలు, వేలంత లావువి. కొయ్యతో చేసిన చిన్న గరాటు, కడుపు మీద పెట్టి చెవి ఆనిస్తే లోపల బిడ్డ గుండె కొట్టుకునేది వినబడుతుందట. టీ వడకట్టే జల్లెడ లాంటి ముక్కుతొడుగు, దాని మీద గుడ్డ పరిచి మత్తుమందు చుక్కలు చుక్కలుగా వేసేవాళ్ళట. ఘని ప్రతిదాన్నీ చేత్తో ఎగరేసి బరువు చూసి పక్కన పెడుతున్నాడు. లాల్ అహ్మద్‌కు మాత్రం వాటిని చూస్తుంటే ముచ్చటేసింది. ఎవడో పనివాడు, ఏ సీమలోనో, ఎంత ఓర్పుగా చేసి ఉంటాడు అనుకున్నాడు.

అడుగు అరలో టేకు పెట్టె ఒకటి ఉంది. మూలలకు ఇత్తడి బిళ్ళలు. మునస్వామి మూత తీశాడు. లోపలంతా పచ్చ మఖమల్ గుడ్డ, అక్కడక్కడా పురుగు తినేసింది. ఆ మఖమల్లో ఏ పనిముట్టు ఆకారానికి ఆ గుంట చేసి, పన్నెండు గుంటలు. గుంట పక్కన నంబరు, పనిముట్టు మీదా అదే నంబరు. పదకొండు పనిముట్లు వాటి వాటి గుంటల్లో పడుకుని ఉన్నాయి. తొమ్మిదో గుంట ఖాళీ.

జానెడు పొడవు. సన్నటి ఒళ్ళు. కొస కాస్త వంకీ. కింద రెండు కళ్ళు.

లాల్ అహ్మద్ చెయ్యి సంచి మీదికి పోయింది. భుజాన సంచిలో ఉన్న చిమటా కంటి మీద, సరిగ్గా బొటనవేలు ఆనేచోట, తొమ్మిది అంకె చెక్కి ఉంది. ఇరవై ఆరేళ్ళుగా అది అతని వేలికి తగులుతూనే ఉంది.

"ఇదొగటి యాల లేదు?" అన్నాడు ఘని.

"అది పొయ్యిందాన్నే గదప్పా ఎల్లమ్మ కత అట్లయిపోయింది" అని మునస్వామి కుంటుతున్న కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు. చెప్పడానికి ఇన్నాళ్ళకు ఒక మనిషి దొరికినందుకు అతని మొహం వెలిగింది.

ఎల్లమ్మ ఆ ఆసుపత్రిలో ఆయా. రామకుప్పం దగ్గర కూలిజనం ఇంట్లో పుట్టిన పిల్ల. వాళ్ళ వంశంలో నెలజీతం ముట్టిన మొదటి మనిషి ఆమె. చదువు రాదు. అయినా డాక్టరమ్మ ఆమెను వదిలి ఆపరేషను గదిలోకి అడుగుపెట్టేది కాదు. పని అయ్యాక సామాన్లు కడిగి, రాగి తొట్టిలో ఉడకబెట్టి, తుడిచి, పెట్టెలో సర్దడం ఎల్లమ్మ పని. లెక్క రాదు కాబట్టి గుంట నిండితే సరి, నిండకపోతే తప్పు. ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా గుంట ఖాళీగా లేదు.

"ఒగ దినం సాయంత్రం తొమ్మిదో గుంట నిండలా. ఎల్లమ్మే పోయి డాక్టరమ్మతో సెప్పింది, పిచ్చి ముండ. సెప్పకుండా ఉండింటే వారం దాంకా ఎవురూ సూసేవోళ్ళు కాదు. ఎండి సామాననుకోని ఎత్తిందన్నారు. టేసన్లో రెండు దినాలు కూసోబెట్టినారు. వాళ్ళమ్మ రామకుప్పం నుంచి వచ్చి, అందరి ముందరా దాన్ని సీపురకట్టతో కొట్టింది. ఉద్యోగం పాయె. ఈ ఊర్లో అంట్లు తోమను గూడా ఎవురూ పెట్టుకోలా. వాళ్ళూరికి పోయింది."

"ఆ దినం ఆస్పత్రికి ఇంగెవురూ రాలేదా?" అని అడిగింది లాల్ అహ్మదే. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

"వచ్చినారు. మీ నాయినా నువ్వూ. ఆ రాగి తొట్టికి కలాయి వేసేదానికి. పెరట్లో గదా కూసోనింటిరి."

"మమ్మల్ని అడగలేదే?"

మునస్వామి నవ్వాడు. "హిదాయతుల్లాను అడిగే మొగం ఎవురికుండాదప్పా? ముక్కుపుడక తెచ్చిచ్చిన మనిసిని! డాక్టరమ్మే అనింది, ఆ సాయిబు సంచి ఎతికితే నాకు పాపం తగులుతాదని."

ఆ మాట లాల్ అహ్మద్‌కు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వాళ్ళ మంచిపేరే ఎల్లమ్మను దొంగను చేసింది. ఎవరో ఒకరు దొంగ కావాలి; హిదాయతుల్లా కాడు కాబట్టి, ఎల్లమ్మ అయింది. చిమటా తీసి ఆ గుంటలో పెట్టడానికి అతనికి ఆ క్షణాన అడుగు దూరం కూడా లేదు. సంచి నోరు గట్టిగా పట్టుకుని, "ఆ తొట్టి రాగిదే, మంచి రాగి" అని ఘనితో చెప్పి ఇంటికి వచ్చేశాడు. దారంతా తనను తాను తిట్టుకుంటూనే వచ్చాడు.

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ. మనం తెలుగులోనే చెప్పుకుందాం. భార్య జైనాబ్ బొగ్గులు ఊదే తిత్తికి చిరుగు కుడుతోంది. లాల్ అహ్మద్ చిమటా తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది అబ్బా యాడ కొన్నాడో నీకెప్పుడన్నా సెప్పినాడా?"

"మామ కొనేదేంది? నువ్వు గదా కొనింది!" అంది జైనాబ్. "మా కొడుకు కొన్న వస్తువుల్లో పనికొచ్చేది ఇదొక్కటేనని మామ ఎన్నిసార్లు అన్యాడో. మదనపల్లె సంతలో కొన్యావంట గదా."

"నేను కొనలా. అబ్బాది అనుకుంటి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్దెనిమిదేళ్ళు ఒకే గుంత దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఒకే చిమటాను చేతులు మార్చుకున్న తండ్రీకొడుకులు. ఇది కొడుకు కొన్నదని తండ్రి, తండ్రిదని కొడుకు. ఒక్కసారి అడిగి ఉంటే చాలు. కానీ పనిముట్టు ఎక్కడిదని పనివాడు అడగడు, అది పనిచేస్తుందా లేదా అని చూసుకుంటాడంతే.

అప్పుడు నెమ్మదిగా అతనికి ఆ రోజు గుర్తుకు వచ్చింది. తనకు పదిహేడేళ్ళు. తొట్టిలోని నీళ్ళు వంపేసి ఆయా తెచ్చి పెట్టింది. అడుగున చిల్లుల పళ్ళెం ఎత్తితే దాని కింద ఏదో సన్నగా ఇరుక్కుని ఉంది. తొట్టి మూలలు తోమాలంటే నాయన పట్టకారు పోవడం లేదు. ఇది భలే పోయింది. దూది కరిపించి పని కానిచ్చాడు. సాయంత్రానికి అది మిగతా వాటితో పాటు నల్లగా మసిబారి బూడిదలో పడి ఉంది. నల్లటివన్నీ పోగుచేసి సంచిలో వేసుకున్నాడు. అంతే. దొంగతనం కాదు. అట్లాగని ఏమీ కాదనడానికీ లేదు.

"గిన్నెలో దొరికింది గిన్నె గలవాళ్ళది" అన్నాడు. "ఆ ఆయమ్మ కాడికి పొయ్యి సెప్పాల."

జైనాబ్ చెడ్డది కాదు. కానీ ఇల్లు నడిపేది ఆమె. "సెప్పు. సెప్పినంక నీకు గిన్నె ఇచ్చేదెవురు? ఉండేదే నాలుగిండ్లు. హిదాయతుల్లా కొడుకు ఆస్పత్రి సామాను ఎత్తినాడంట అంటే, ముక్కుపుడక కత గూడా అబద్ధమే అంటారు. సచ్చిపోయినాయన పేరు నీ చేతుల్తో పాడుసేస్తావా?"

ఆమె అన్నదాంట్లో ఒక్కటీ తప్పు లేదు.

మూడు రోజులు చిమటా ముట్టుకోకుండా పనిచేశాడు. ఒక్క చెంబూ కుదరలేదు. నాలుగోరోజు మదనపల్లె బస్సెక్కాడు. నిజంగా అదేనా కాదా, గుంటలో పెట్టి చూస్తే కదా తెలిసేది. కాకుండా ఉంటే బాగుండునని దారి పొడుగునా అల్లాను వేడుకున్నాడు.

ఘని కొట్లో ఆ పెట్టె ప్రత్యేకంగా బల్ల మీద పెట్టి ఉంది. బెంగుళూరులో ఎవరో పెద్దమనిషి ఇట్లాంటి పాత వైద్యం సామాన్లు అద్దాల్లో పెట్టుకుని మురిసిపోతాడట. లాల్ అహ్మద్ చిమటా తీసి తొమ్మిదో గుంటలో పెట్టాడు. తల్లి పక్కన బిడ్డ పడుకున్నట్టు పడుకుంది. మసి పట్టి అదొక్కటే నల్లగా, మిగతావి తెల్లగా.

ఘని ఎగిరి గంతేశాడు. "యా అల్లా! పెట్టె నిండిపాయె! లాల్ భాయ్, నువ్వేమీ సెప్పబళ్ళేదు, నేనేమీ అడగను. నిమ్మకాయతో రుద్దితే మసి పోతాది. రేపు బెంగుళూరికి పోతాది. ఇంగ దీని కత ఈ బూమ్మీద ఎవురికీ తెలియదు."

ఎంత సుళువు! చెయ్యి వెనక్కి తీసుకుంటే చాలు. నాయన పేరు అట్లాగే ఉంటుంది, నాలుగిళ్ళ గిన్నెలూ వస్తాయి, జైనాబ్ నిశ్చింతగా నిద్రపోతుంది. పెట్టెకున్న ఖాళీ పెట్టెలోనే పూడిపోతుంది. లాల్ అహ్మద్ చాలాసేపు ఆ నిండిన పెట్టెను చూస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, వదిలేసి వచ్చేద్దామని రెండడుగులు వేశాడు కూడా. గుంట నిండితే ఆమెకు ఏమొచ్చింది? టేసన్లో కూర్చున్న రెండు రోజులు ఈ పెట్టెలోకి పోవు కదా. వెనక్కి వచ్చి చిమటా తీసుకున్నాడు. ఘని వెనకాల అరుస్తూనే ఉన్నాడు.

ఎల్లమ్మ కుప్పంలో రైల్వేటేసన్ బయట కూరగాయలు అమ్ముతుందని మునస్వామి అల్లుడు చెప్పాడు. పలమనేరు దాకా ఒక బస్సు, కుప్పానికి ఇంకో బస్సు. దిగేసరికి పదిగంటలయింది. అలసంద కాయలు, వంకాయలు గోనెపట్టా మీద పోసుకుని, తలకు కొంగు చుట్టుకుని కూర్చుని ఉంది ఒకామె. యాభై దాటి ఉంటుంది. కాయలను పరిమాణం చూసి వరసలుగా పేర్చుకుంది. చుట్టుపక్కల ఎవరూ అట్లా పేర్చలేదు.

"ఎల్లమ్మక్క నువ్వేనా?"

"అవునప్పా. ఎన్ని కావాల?"

లాల్ అహ్మద్ చిమటా తీసి అలసంద కాయల మీద పెట్టాడు.

ఎల్లమ్మ దాన్ని చూసింది. మసి బట్టిన ఇనప ముక్క అది. ఎవరికైనా అట్లాగే కనబడుతుంది. ఆమె చెయ్యి ముందుకు పోయింది. బొటనవేలు ఒక కంట్లో, ఉంగరం వేలు ఇంకో కంట్లో వాటంతట అవే దూరాయి. టక్కుమని బిగించింది. మళ్ళీ టక్కుమని వదిలింది. లాల్ అహ్మద్ ఇరవై ఆరేళ్ళు వాడాడు గానీ అంత అందంగా పట్టుకోవడం అతనికి ఎప్పుడూ రాలేదు.

"తొమ్మిదో నంబరు" అంది. "యాడుండె ఇది?"

"నా సంచిలో అక్కా" అని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తొట్టి, చిల్లుల పళ్ళెం, మసి, నాయన, తాను. ఏదీ దాచలేదు, ఏదీ తనకు అనుకూలంగా వంచుకోలేదు. ఒకావిడ వచ్చి వంకాయలు బేరమాడింది. ఎల్లమ్మ ఆమె వైపు చూడనే లేదు. ఆమె సణుక్కుంటూ వెళ్ళిపోయింది.

అంతా విన్నాక ఎల్లమ్మ ఒక్కటే అడిగింది. "బాగా పంజేసిందా నీకు?"

అంతకంటే చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేది. "సేసిందక్కా" అన్నాడు తల వంచుకుని.

"నాకు ఏడేండ్లు పంజేసింది" అంది. "పురుళ్ళ పని నా అంత తెలిసినోళ్ళు మా పక్క ఎవురూ లేరప్పా. తిరగబడిన బిడ్డను కడుపు మీద సెయ్యేసి సెప్పేదాన్ని. అయినా ఈ ఇరవయ్యారేండ్లలో నన్ను ఒగ ఇంట్లోకి పిల్సలేదు. లోపలికి వచ్చి ఏం ఎత్తుకోని పోతాదో అని. మా పెదనాయిన మనవరాలు, ముక్కుపచ్చలారని పిల్ల, రెండు దినాలు నొప్పులు పడి సచ్చిపాయె. నేను వాకిట్లో నిలబడుకోని ఉంటి. అరుపు ఇంటానే తెలుస్తాండాది బిడ్డ అడ్డంగా ఉండాదని. నన్ను రానీండని కాళ్ళు పట్టుకుంటి. రానీలేదు. రానియ్యద్దని సెప్పింది ఎవురనుకున్యావు? మా యమ్మ."

లాల్ అహ్మద్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసినవాడు ఏడిస్తే ఎదుటివాళ్ళు ఓదార్చాల్సి వస్తుందని తెలుసు, అందుకని బలవంతాన ఆపుకున్నాడు. "నన్నేం సెయ్యమంటావక్కా? పుంగనూరు టేసన్లో సెప్పమంటే సెప్తా. నువ్వు ఏమంటే అది."

"టేసన్లో నన్ను కూసోబెట్టినోళ్ళు ఇప్పుడాడ ఉండారా? డాక్టరమ్మ ఉండాదా?" ఎల్లమ్మ అప్పటికే కాయలు గంపలోకి ఎత్తుకుంటోంది. "మా యమ్మ ఉండాది. నాతోడు రా."

రామకుప్పం బస్సులో ఆమె కిటికీ పక్క కూర్చుంది, ఒళ్ళో చిమటా. లాల్ అహ్మద్‌కు భయం వేసింది. ఊళ్ళో వాళ్ళు చెట్టుకు కట్టేసి కొడితే అడ్డుపడే దిక్కు లేదు. ఇంకో స్టాపులో దిగి వెళ్ళిపోయినా ఈమె ఆపదు, ఆ సంగతి ఆమె భుజాలు చూస్తేనే తెలుస్తోంది. దిగలేదు.

వాళ్ళు ఎల్లమ్మ ఊరి వీధిలోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అయినా మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే, అరుగుల మీద, పంచల్లో, ఎక్కడివాళ్ళక్కడ గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. అడవిలోంచి ఏనుగులు దిగి రాగిచేలు తొక్కుతున్నాయని రాత్రులంతా చేలల్లో డబ్బాలు వాయిస్తూ కాపలా కాస్తున్నారు. పగలు పడుకోక ఏం చేస్తారు. ఆడవాళ్ళు వాకిళ్ళలో పనులు చేసుకుంటున్నారు. వీధి చివర ఇంటి అరుగు మీద ఎనభై ఏళ్ళ ముసలమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. ఆమే వెంకటలక్ష్మమ్మ, ఎల్లమ్మ తల్లి.

"మా యమ్మకు సెవుడప్పా. గట్టిగా సెప్పాల" అని ఎల్లమ్మ గంప దించి, పక్కకు జరిగి నిలబడింది.

లాల్ అహ్మద్ ముసలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అవ్వా, ఆస్పత్రి సామాను నీ కూతురు తీయలేదు" అన్నాడు.

"ఆఁ?" అంది ముసలమ్మ. చేట ఆగలేదు.

"ఆస్పత్రి సామాను! ఎల్లమ్మక్క తీయలేదు!"

"ఇనపల్యా నాయినా."

పక్కింటి అరుగు మీద ఒకడు దుప్పటి తీసి చూశాడు. అటువైపు ఇద్దరు ఆడవాళ్ళు చేతిలో పని వదిలి వచ్చారు. ఒక మనిషి చెవిలో చెప్పుకుందామని వచ్చిన మాట ఇది. లాల్ అహ్మద్ చుట్టూ చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా వీధి ఈ చివర నిలబడి ఆ చివరి ఇంటి వంటగదిలోకి వినబడేట్టు "కలాయీ" అని కేక వేసిన గొంతు అది. ఆ గొంతంతా తెచ్చాడు.

"అవ్వా! నేను పుంగనూరు కలాయి హిదాయతుల్లా కొడుకును! లాల్ అహ్మద్‌ను! ఇరవయ్యారేండ్ల కింద ఆస్పత్రిలో పొయ్యిన సామాను నా సంచిలోకి పోయింది! నేను తీసింటి! ఎల్లమ్మక్క దొంగ కాదు! ఏ పొద్దూ కాదు!"

వీధిలో నిద్ర అన్నది లేకుండా పోయింది. మగవాళ్ళు తువ్వాళ్ళు దులుపుకుంటూ లేచి కూర్చున్నారు. "ఎవురంట?" "పుంగనూరు కలాయి సాయిబంట." "మా అక్కోళ్ళ ఇంట్లో బిందెలకు వేసేది ఈయప్పే గదా! ఇట్లాంటోడా?" అన్న మాట అతని చెవిన పడింది. ఆ అక్కోళ్ళ ఇల్లు పుంగనూరులోనే అయి ఉంటుంది. వారం తిరక్కుండా ఆ మాట అక్కడికి చేరుతుంది. నాయన మొహం కళ్ళ ముందు మెదిలింది. తల మాత్రం దించలేదు.

చేట ఆగింది. ముసలమ్మ చెంపల ముడతల్లోంచి కన్నీళ్ళు దారులు వెతుక్కుంటూ జారి రాగుల్లో పడుతున్నాయి. చెయ్యి చాచి గాల్లో తడిమి, కూతురి చీర కుచ్చెళ్ళు దొరకబుచ్చుకుని, చీపురుకట్ట పట్టిన ఆ చేత్తోనే గట్టిగా పట్టుకుంది. ఆమెకు ప్రతి అక్షరమూ వినబడింది. చంటిపిల్లలకైనా తెలుస్తుంది వినబడిందని.

ఎల్లమ్మ తల్లి వైపు చూడలేదు. చీర కుచ్చెళ్ళు తల్లి చేతికి వదిలేసి, నిటారుగా నిలబడి, వీధిని చూస్తోంది. లేచి కూర్చున్న మగవాళ్ళను, గడపల్లో నిలబడ్డ ఆడవాళ్ళను, ఒక్కొక్క ఇంటినీ, తనను రానివ్వని ఒక్కొక్క వాకిలినీ వరసగా చూస్తోంది. వీధి మధ్యలో, నొప్పులు పడి మనవరాలు చనిపోయిన ఆ పెదనాయన ఇంటి తలుపు ఒకటి మాత్రం ఇంకా మూసే ఉంది.

"మా యమ్మకు ఇనపళ్ళేదంటప్పా" అంది లాల్ అహ్మద్‌తో. "ఇంగోసారి సెప్పు."

అతను ముసలమ్మను చూశాడు. మూసి ఉన్న ఆ తలుపును చూశాడు. గుండె నిండా గాలి పీల్చుకుని, నాయన పేరుతో సహా మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.